నీళ్లలో యురేనియం: రాయిదా, గనిదా?

రాజుపాలెం, ప్రొద్దుటూరు వైపు బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే రిపోర్టులో ఫ్లోరైడ్, ఇనుము లాంటి పేర్లు కనిపిస్తాయి. వెంటనే "ఎవరో విషం కలిపారు" అనుకుంటాం. అన్నిసార్లూ అలా కాదు. నీళ్లు ఏ రాయి మీద పారితే ఆ రాయి గుణం కొంత పట్టుకుంటాయి. మనిషి చెయ్యి పడకముందే నదిలో, దాని ఒండ్రులో ఉండే ఈ మోతాదునే సహజ స్థాయి అంటారు.

అది అన్ని చోట్లా ఒకటి కాదు. కుందూ నది నంద్యాల వైపు నల్లరేగడి, సున్నపురాయి నేలల మీదుగా వచ్చి కమలాపురం దగ్గర పెన్నాలో కలుస్తుంది. పాపాఘ్నిదీ పెన్నాలో కలిసే దారే, కానీ అది పారే రాళ్లు వేరు. వేంపల్లె పేరుతోనే పిలిచే అక్కడి డోలమైట్ పొరలో యురేనియం ఉంది. తుమ్మలపల్లె గని తవ్వేది దాన్నే. ప్రపంచ నదుల నీటిలో యురేనియం సగటున లీటరుకు సుమారు 0.3 మైక్రోగ్రాములు. కార్బొనేట్ ఎక్కువున్న భూగర్భ జలంలో అది తేలిగ్గా కరుగుతుంది కాబట్టి ఇలాంటి చోట అంతకు ఎన్నో రెట్లు ఉన్నా ఆశ్చర్యం లేదు.

అసలు తగువు ఇక్కడే. 2018లో తుమ్మలపల్లె వ్యర్థాల చెరువు చుట్టుపక్కల రైతులు బోర్లు పాడయ్యాయని ఫిర్యాదు చేశారు. కాలుష్య నియంత్రణ మండలి నోటీసు ఇచ్చింది. చెరువు నుంచి ఊట లేదని యూసీఐఎల్ అంది. ఎవరి మాట నిజం? ఒక్క యురేనియం అంకె చూసి తేల్చలేం. గని తెరవకముందు అవే బావుల్లో తీసిన కొలతలు కావాలి. చెరువుకు ఎగువన, దిగువన తేడా చూడాలి. అక్కడి మిల్లు ఖనిజాన్ని సోడియం కార్బొనేట్‌తో శుద్ధి చేస్తుంది కనుక, బోరులో సోడియం, సల్ఫేట్ కూడా కలిసి పెరుగుతుంటే అనుమానం చెరువు మీదికే పోతుంది.

నది ఒండ్రుకైతే ఇంకో జాగ్రత్త ఉంది. సన్నటి బంకమట్టి లోహాలను ఎక్కువ పట్టుకుంటుంది, ఇసుక తక్కువ. ఒకచోట ఇసుక, ఇంకోచోట బురద తీసి పోల్చితే లెక్క తప్పుతుంది. అందుకే సన్నమట్టిని జల్లించి, దాన్నే పోల్చుతారు. లోతు పొరల్లోని పాత మట్టి పరిశ్రమలు రాకముందు సంగతి చెబుతుంది.

సహజం అన్నంత మాత్రాన తాగొచ్చని కాదు, ఈ ముక్క చాలామంది మర్చిపోతారు. తాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశ అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు 60. కిడ్నీలకు అది రాయి నుంచి వచ్చినా, చెరువు నుంచి వచ్చినా ఒకటే. కాచితే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌వో ఫిల్టర్ చాలావరకు తీసేస్తుంది. వజూకి, స్నానానికి వాడే నీటితో భయం తక్కువ, చర్మం గుండా లోపలికి పోయేది చాలా కొంచెం. తాగే నీటిని, వంట నీటిని మాత్రం పరీక్ష చేయించాలి. వానాకాలం తర్వాత ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి చేయించి, ఆ కాగితాలు దాచుకుంటే రేపు తగువు వచ్చినప్పుడు మీ బోరు పాత లెక్క మీ చేతిలోనే ఉంటుంది.