స్ట్రీక్ పెరిగింది, మరి నేను?



బైబిల్లో మొత్తం 1,189 అధ్యాయాలు. రోజుకి మూడు నాలుగు చదివితే ఏడాదిలో అయిపోతుంది. నేను కూడా యాప్‌లో పాత, కొత్త నిబంధనలు కలిపి చదివే ప్లాన్ పెట్టుకున్నా. 88 రోజులు, ఒక్కరోజు కూడా మిస్ అవ్వలేదు. పర్లేదు, బాగానే ఎదుగుతున్నా అనుకున్నా.

అదే వారం ఆఫీసులో నా కోడ్ వల్ల పెద్ద బగ్ వచ్చింది. మీటింగ్‌లో అడిగితే, కొత్తగా చేరిన అబ్బాయి మీదకి తోసేశాను. పాపం, తల దించుకున్నాడు. ఆ రాత్రి కూడా చదివాను. స్ట్రీక్ 89 అయింది!

ఆరోజు భాగం లూకా 19, జక్కయ్య కథ. సండే స్కూల్ నుంచి మనకి మేడిచెట్టే గుర్తు. కానీ చెట్టు దిగాక ఏం చేశాడు? ధర్మశాస్త్రంలో, సంఖ్యాకాండం 5 ప్రకారం, తప్పు ఒప్పుకున్నవాడు అసలుకి ఐదో వంతు కలిపి ఇవ్వాలి. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు! ఎందుకు? యేసు ముందు లెక్కలు అడగలేదు, నీ ఇంటికి వస్తానన్నాడు. ప్రేమ ముందొచ్చింది, మార్పు వెనకాలే వచ్చింది.

మర్నాడు అదే మీటింగ్‌లో, అందరి ముందే, "తప్పు నాది, అతనిది కాదు" అన్నాను. చేతులు వణికాయి. పరువు కాస్త పోయింది, కానీ ఆ అబ్బాయి తలెత్తాడు.

చదవడం మానమని కాదు. చదివాక ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈరోజు నేను ఎవరికి సారీ చెప్పాలి?

గాడ్ బ్లెస్ యూ. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.