తేనె రుచి గల బీరులో తేనె గుణము ఉన్నదా?

తిరువూరు పరిసరాలలో మామిడితోటలు గల ఒక రైతు ఎనిమిదేండ్లుగా మధుమేహ రోగి. అలోపతీ మాత్రలు వాడుతూనే పథ్యం చెప్పించుకొనుటకు నా వద్దకు వచ్చుచుందురు. హైదరాబాదులోని కుమారుని ఇంట పదిహేను రోజులుండి వచ్చి, ఒకనాడు నాడి చూపించుకొనుచు నవ్వుతూ ఇట్లన్నారు: "ఆచార్యులుగారూ, యవలు తినమన్నదీ మీరే, పాత తేనె చెంచాడు చాలునన్నదీ మీరే గదా! అక్కడ ఆ రెంటినీ ఒక్క గ్లాసులోనే పోసి ఇస్తున్నారు. తేనె బీరట, చాలా లైటట."

ప్రక్కనున్న ఆయన భార్య ముఖంలో నవ్వు లేదు. ఆ గ్లాసులు రెండు త్రాగి, భోజనం వద్దని పడుకొన్న రాత్రి ఆయనకు ఒళ్ళంతా చెమటలు పట్టి మాట తడబడినదట. మత్తు కాబోలునని ఇంటిల్లిపాదీ ఊరకున్నారు. తెల్లవారుజామున కోడలు యంత్రంతో పరీక్షింపగా రక్తంలో చక్కెర 52 మాత్రమే ఉన్నది. పంచదార నీళ్ళు త్రాగించిన పిమ్మట తేరుకొన్నారు.

ఆయన అడిగినది తెలివితక్కువ ప్రశ్న కాదు. ప్రమేహ చికిత్సలో యవలకు, తేనెకు మన ప్రాచీనులు పెద్దపీట వేసిన మాట వాస్తవమే. అయితే ఏ ద్రవ్యమునైనను కంటితో, ముక్కుతో, నాలుకతో పరీక్షింపక అభిప్రాయం చెప్పరాదని గురుకులంలో మాకు నేర్పినారు. కావున తరువాత హైదరాబాదు వెళ్ళినపుడు మా మేనల్లుని వెంట అట్టి ఒక చోటికి నేనూ వెళ్ళినాను. తయారుచేసిన చోటనే బీరును వడ్డించు ఈ చిన్న కర్మాగారాలకు తెలంగాణలో 2015 నాటి నియమావళి దారి చూపినది. అరవై దాటిన వైద్యుడు అచట గ్లాసు పట్టుకొని కూర్చొనుట చూచి మేనల్లుడు నవ్వు ఆపుకొనలేకపోయినాడు.

లేత బంగారు వర్ణము, పైన పలుచని నురుగు. ముక్కు దగ్గరకు తేగానే చక్కని తేనె పరిమళం. నాలుకపై క్షణకాలం తీపి తోచి, వెంటనే నాలుక మొదట చేదు, ప్రక్కల స్వల్పమైన పులుపు తెలిసినవి. రెండు గుటకలకే గొంతు పొడిబారి, కడుపులో వెచ్చదనం పుట్టినది. అంతటితో గ్లాసు క్రింద పెట్టినాను. నాలుకకు తగిలినపుడు తెలియునది రసము మాత్రమే. వీర్యము, విపాకము శరీరంలో ఆ ద్రవ్యం చేయు పనిని బట్టి తెలియవలసినవి. తేనె బీరు విషయంలో పొరపాటంతయు ఇక్కడనే జరుగుచున్నది.

దాని తయారీ చూడుడు. బార్లీని, అనగా యవలను మొలకెత్తించి, ఎండబెట్టి, పిండిచేసి వేడినీటిలో నానబెట్టుదురు. అందలి పిండిపదార్థము చక్కెరగా మారును. ఆ నీటిని హాప్స్ అను చేదు పూలతో మరిగించి, చల్లార్చి ఈస్టు కలుపుదురు. (ఇథియోపియా దేశీయులు కేవలం తేనెతో చేయు 'తెజ్' అను పానీయంలో చేదు కొరకు గెషో అను మొక్క ఆకులను వాడుదురు.) తేనెలో నూటికి సుమారు 80 పాళ్ళు చక్కెరలే. ఈస్టు వాటిని దాదాపు పూర్తిగా భుజించి మద్యసారంగా, వాయువుగా మార్చివేయును. మిగులునది సువాసన. ఉదయం దింపిన తాటికల్లు తీయగా ఉండి, ఎండ ఎక్కునప్పటికి పులిసి ఘాటెక్కుట మన ప్రాంతంవారు ఎరిగినదే. ఇదియు అట్టిదే. తేనె చక్కెరలు మిగలక హరించుటచే ఆ బీరు నోటికి పలుచగా, తేలికగా తోచును. 'లైట్' అను మాట ఈ తేలికదనమునకు చెల్లునే గాని, మద్యసారం తక్కువని దానికి అర్థం కాదు.

చరకుడు ఈ మార్పును స్పష్టంగా గుర్తించినాడు. యవలు శీతలములు, కాని యవలతో చేసిన సుర రూక్షము, ఉష్ణము, వాతపిత్తములను పెంచునది. తేనె మధుర కషాయ రసములు గలది, కాని మధ్వాసవము తీక్ష్ణము. సంస్కారముచే ద్రవ్యమునకు వేరు గుణము కలుగునని విమానస్థానము మొదటి అధ్యాయంలో చెప్పినది ఇందుకే. పేరు తేనెదే, పని తేనెది కాదు.

"మరి మీ ఆసవారిష్టాల మాటేమిటి?" అని మేనల్లుడు అడిగినాడు. న్యాయమైన ప్రశ్న. వాటిలోనూ ధాతకీ పుష్పాలు, బెల్లం, తేనెల వలన పులిసి పుట్టిన మద్యసారం ఉండును. దాని పరిమాణం సీసాపైన ముద్రించి ఉండును. కాని రాశి కూడ చూడవలెను. నూటికి 10 పాళ్ళు మద్యసారం గల అరిష్టాన్ని భోజనానంతరం 20 మిల్లీలీటర్లు, సమానంగా నీరు కలిపి తీసుకొన్నచో లోనికి పోవునది 2 మిల్లీలీటర్లు. నూటికి 5 పాళ్ళు గల బీరు 330 మిల్లీలీటర్లు త్రాగినచో పోవునది పదహారున్నర. అయినను అరిష్టాలలో తీపి, మద్యసారము రెండూ ఉన్నవి గనుక మధుమేహ రోగులు వైద్యుని అడుగక వాడరాదు.

ఇక ఆ రాత్రి జరిగినది. మనం తినని వేళ రక్తానికి చక్కెరను అందించునది కాలేయము. మద్యసారం లోనికి చేరినపుడు కాలేయం దానిని వదిలించుకొను పనిలో పడి, క్రొత్తగా చక్కెర తయారుచేయుట తగ్గించును. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడువారు ఖాళీకడుపుతో త్రాగినచో, చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చును. మరునాటి ఉదయం వరకు ఈ భయం ఉండును. చెమట, వణుకు, తడబాటు చూచి ఇంటివారు మత్తే అనుకొందురు, నోట వాసన దానికి సాక్ష్యమగును. అట్టివేళ వెంటనే చక్కెర పరీక్షింపవలెను. 70 కన్న తక్కువై, రోగి మ్రింగగల స్థితిలో ఉన్నచో మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగించి, పావుగంటకు మరల చూడవలెను. స్పృహ లేనివారి నోట ఏమియు పోయక 108కి ఫోను చేయవలెను.

రైతుగారికి బీరు పూర్తిగా మాన్పించి, మాత్రలిచ్చు డాక్టరుగారికి ఆ రాత్రి సంగతి దాచక చెప్పుమన్నాను. యవలు కావలెనన్నచో దోరగా వేయించి రవ్వ పట్టించి, రెండు చెంచాల రవ్వను పెద్ద గ్లాసు నీటిలో ఉడికించి, చల్లారిన పిదప పలుచని మజ్జిగ, ఉప్పు, జీలకర్రపొడి కలిపి త్రాగుమన్నాను. అది అన్నం కొంత తగ్గించి తీసుకొనవలసినదే గాని అదనంగా కాదు. చెంచాడు తేనె కూడ చక్కెర లెక్కలోనిదే గనుక, దానినీ ఇప్పటికి ఆపించినాను.

"ఇంట్లో సీసాడు తేనె ఉన్నదండీ, మనుమలకు పంపేదా?" అని ఆయన భార్య అడిగినది. పెద్దపిల్లలకు పంపవచ్చునని, ఏడాది నిండని పసివానికి మాత్రం నాకించవద్దని చెప్పినాను.