సెమీ ఆటోమేటిక్ పిస్టల్ పనితీరులో చేతిపట్టు పాత్ర

ఉపోద్ఘాతం

పిస్టల్ మధ్యలో మొరాయిస్తే లోపాన్ని ఆయుధంలోనో తూటాలోనో వెతకడం పరిపాటి. సెమీ ఆటోమేటిక్ పిస్టల్ విషయంలో మూడో కారణానికీ అవకాశం ఉంది. అది పిస్టల్‌ను పట్టుకున్న చేయి. గురి నిలపడమే కాక, యంత్రం పనిచేయడానికి కూడా ఆ చేయి ఎలా ఆధారమవుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

యంత్రం పనిచేసే తీరు

రివాల్వర్‌లో తరువాతి తూటాను పేలే స్థానానికి తెచ్చేది కాల్చేవారి వేలి బలం. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో ఆ పనిని పేలుడు శక్తే చేస్తుంది. తూటా ముందుకు దూసుకుపోగా, ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం పైనున్న స్లైడ్ వెనక్కి కదులుతుంది. అది ఖాళీ షెల్‌ను బయటికి విసిరి స్ప్రింగ్‌ను అణచివేస్తుంది. స్ప్రింగ్ తిరిగి నెట్టినప్పుడు మ్యాగజైన్‌లోని కొత్త తూటాను ఛాంబర్‌లోకి చేరుస్తుంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించగా 1911లో అమెరికా సైన్యం స్వీకరించిన ఎం1911లోనూ, 1980ల ఆరంభంలో ఆస్ట్రియాలో వెలువడిన గ్లాక్ 17లోనూ మూలసూత్రం ఇదే.

పట్టు అవసరం

స్ప్రింగ్ అణగాలంటే స్లైడ్ కదిలితే చాలదు, కింది ఫ్రేమ్ నిలిచి ఉండాలి. ఇక్కడ ముఖ్యమైనది ఆ రెండింటి సాపేక్ష చలనం. వాటి ద్రవ్యరాశులు సమానమనుకుందాం. ఫ్రేమ్ స్థిరంగా ఉంటే స్లైడ్ గతిజశక్తి అంతా ఈ పనికి లభిస్తుంది. ఫ్రేమ్‌కు ఏ ఆధారమూ లేకపోతే అందులో సగమే లభిస్తుంది. మిగతా సగం పిస్టల్ మొత్తాన్ని వెనక్కి తోయడంలో ఖర్చవుతుంది. ఫ్రేమ్ తేలికైన కొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. అందువల్ల, ఇతర అంశాలు సమానమైతే, ఉక్కు ఫ్రేమ్ కంటే పాలిమర్ ఫ్రేమ్ గల పిస్టల్ చేతిపై ఎక్కువగా ఆధారపడుతుంది. శక్తి చాలనప్పుడు స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లదు. ఫలితంగా ఖాళీ షెల్ ద్వారంలో ఇరుక్కోవచ్చు, లేదా కొత్త తూటా అందకుండానే స్లైడ్ మూసుకోవచ్చు.

బలమా, నిలకడా?

బ్యారెల్ చేతికి పైన ఉంటుంది కనుక వెనుదన్ను పిస్టల్‌ను పైకి తిప్పుతుంది. మణికట్టు వంగితే ఫ్రేమ్ కూడా స్లైడ్‌తో పాటు వెనక్కి పోతుంది. వేళ్లు ఎంత గట్టిగా బిగించినా, మణికట్టు సడలితే ఆధారం లోపిస్తుంది. పట్టు మధ్యస్థంగా ఉన్నా, మణికట్టు నిలకడగా ఉండి ఆ బలాన్ని ముంజేతికి చేరవేస్తే సాధారణంగా యంత్రం సక్రమంగా నడుస్తుంది. కాబట్టి చిన్న చేతులవారికీ, మహిళలకూ ఇది పుట్టుకతో వచ్చిన లోపం కాదు. ఇది శిక్షణతో అలవడే విషయం.

ముగింపు

అయితే శిక్షణ పొందిన చేయి కూడా గాయపడవచ్చు, అలసిపోవచ్చు. ఒంటిచేత్తో కాల్చవలసిన సందర్భమూ రావచ్చు. ప్రాణరక్షణకు ఆయుధం అవసరమయ్యే ఘడియలు తరచుగా అటువంటివే. పిస్టల్‌ను చట్రంలో బిగించి జరిపే పరీక్షలో ఫ్రేమ్ కదలదు కనుక ఈ బలహీనత బయటపడదు. చేతిని కూడా యంత్రంలో భాగంగా పరిగణించి, సడలిన పట్టుతోనూ పరీక్షించినప్పుడే ఆ ఆయుధం ఎంతవరకు నమ్మదగినదో తేలుతుంది.