లెడ్జరు చూశాడు, అడ్రసు చూడలేదు

ఏరా బుజ్జీ, మళ్లీ పాస్‌వర్డ్ మర్చిపోయావా? "పర్లేదు తాతయ్యా, ఫర్‌గాట్ పాస్‌వర్డ్ నొక్కితే మెయిల్ వచ్చేస్తుంది" అంటావు. దొంగకీ ఆ మీటంటేనే ఇష్టం. నీ పాత పాస్‌వర్డ్‌తో వాడికి పనేముంది? కొత్తది పెట్టుకునే లింకు చేతికొస్తే చాలు.

గిట్‌ల్యాబ్ అని ఉందిలే, ప్రోగ్రాములు రాసేవాళ్లు కోడంతా దాచుకునే చోటు. చాలా కంపెనీలు దాన్ని సొంత సర్వర్లలో పెట్టుకుని నడుపుకుంటాయి. 2023లో 16.1 వెర్షన్‌తో అందులో ఓ సదుపాయం పెట్టారు: అసలు మెయిల్ కాకపోతే, రెండో మెయిల్‌కైనా లింకు తెప్పించుకోవచ్చని. ఉద్దేశం మంచిదే. కానీ మెయిల్ రాయాల్సిన గడిలో ఒక అడ్రసు బదులు రెండింటి జాబితా పంపితే? ఒకటి నీది, రెండోది దొంగది.

బ్యాంకులో చెక్కుబుక్కు కోసం అర్జీ వచ్చిందనుకో. గుమాస్తా అందులో మీ నాన్న అడ్రసు చూసి, లెడ్జరు తిరగేసి, "ఆఁ, మన ఖాతాదారే" అన్నాడు. ఆ తర్వాత లెడ్జరు మూసేసి, అర్జీలో ఉన్న రెండు అడ్రసులకీ పోస్టు చేసేశాడు. గిట్‌ల్యాబ్‌లోనూ సరిగ్గా అదే జరిగింది. 2024 జనవరిలో బయటపడితే తీవ్రతకి పదికి పది వేశారు. ఈ పరీక్షలో పది వస్తే కొంప మునిగినట్టే! ఫోన్లో కోడు కూడా అడిగేలా పెట్టుకున్నవాళ్లు మాత్రం బతికిపోయారు. పాస్‌వర్డ్ మారినా దొంగ లోపలికి రాలేడు.

నాకు ముచ్చటేసేది ఇంకోటుంది. 2019 డిసెంబరులో, వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో అనే సాఫ్ట్‌వేర్‌లో దొరికింది. టర్కీవాళ్లకి చుక్క లేని ఐ అని ఒక అక్షరం ఉంది. మనం రాసే చుక్క ఐ వేరు, అది వేరు. కానీ క్యాపిటల్ చేస్తే రెండూ ఒకటే అయిపోతాయి. నీ మెయిల్లో ఐ ఉందనుకో, దొంగ చుక్క తీసేసి అలాంటి అడ్రసే సంపాదించి అర్జీ పెడతాడు. పోల్చేటప్పుడు రెండు అడ్రసులూ ఒకటేనని తేలేది. లింకేమో వాడు టైపు చేసిన అడ్రసుకి పోయేది! పోల్చే పద్ధతి సరిచేశారు, దాంతోపాటు లింకుని డేటాబేసులో ఉన్న అడ్రసుకే పంపడం మొదలెట్టారు. నన్నడిగితే రెండోదే అసలు మందు.

మళ్లీ గిట్‌ల్యాబ్ సంగతికొస్తే, అది తన సైటుని వెంటనే బాగుచేసుకుంది. సొంత సర్వర్ల సంగతి అలా కాదు. 16.7.2 లాంటి సరిచేసిన వెర్షన్ని ఎవరో ఒకరు కూర్చుని ఎక్కించాలి. దాదాపు రెండు వారాలయ్యాక షాడోసర్వర్ సంస్థ వెతికితే, ఎక్కించనివి 5,000 పైచిలుకు కనిపించాయి. ఎక్కించినవాళ్లకీ పని తీరలేదు. అంతకుముందే ఎవడైనా దూరాడేమోనని లాగ్ ఫైళ్లు చూసుకోవాలి. పాస్‌వర్డ్ మార్పు అర్జీల్లో, మెయిల్ గడిలో ఒక్క అడ్రసు కాక జాబితా కనిపించిందంటే ఎవరో ప్రయత్నించినట్టే. మీ బాబాయి ఆఫీసులో సర్వర్లు చూస్తాడుగా, ఆదివారం వచ్చినప్పుడు అడుగు, వాళ్లది ఏ వెర్షనో.