పాత పికప్‌కి సైలెన్సర్ మార్చాలా? కొనే ముందు ఇవి చూడండి

ఒమన్‌లో పని చేసే మనవాళ్లలో చాలామందికి పికప్‌తోనే తెల్లవారుతుంది. ఏసీ మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్‌లు, ప్లంబర్‌లు, పెయింటర్‌లు అందరి సామానూ దాని వెనకే. చిన్న కంపెనీల్లో ఈ బండ్లు పదిహేనేళ్లు దాటినా తిరుగుతూనే ఉంటాయి. ఇంజన్ గట్టిగానే ఉంటుంది కానీ కింద సైలెన్సర్ గొట్టాలు మాత్రం అంతకాలం ఉండవు.

మావారు నడిపేది 2009 మోడల్ డబుల్ క్యాబిన్, పెట్రోల్ బండి. కంపెనీదే. కంపెనీ అంటే ఒక అర్బాబ్, ఐదుగురు మనుషులు, రెండు బండ్లు. ఈ వేసవిలో దాని చప్పుడు పెరిగింది. ముల్కియా రెన్యూవల్ దగ్గర పడింది, పాత బండి కాబట్టి తనిఖీకి వెళ్లాలి. "సనయ్యాకి తీసుకెళ్లి బాగు చేయించు, బిల్లు తీసుకురా, తక్కువలో చూడు" అన్నాడు అర్బాబ్. అందరికీ అది చప్పుడు సమస్యే. నాకు మాత్రం ఇంకో సంగతి గుర్తొచ్చింది.

మావారితో పని చేసే హెల్పర్ జగిత్యాల అబ్బాయి. నన్ను అక్కా అంటాడు. జూన్ నుంచి ఆగస్టు వరకు ఇక్కడ మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా ఎండలో పని నిషేధం. ఆ మూడు గంటలూ ఇతను బండిలోనే ఏసీ వేసుకుని పడుకుంటాడు. లేచేసరికి తలనొప్పి, వికారం. "ఎండకే నెత్తి నొస్తుందక్కా, ఏం గాదు" అంటాడు. గదికి వెళ్లాక తగ్గిపోతుంది. శుక్రవారాలు ఖాళీగా ఉంటే రాదు. బండిలో ఉంటే వచ్చి, దిగితే తగ్గే తలనొప్పి అనగానే నేను చదివిన బీఎస్సీ కెమిస్ట్రీ ఊరుకోనివ్వలేదు.

పెట్రోల్ ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే కొద్దిగా పీల్చినా ఒంట్లో పేరుకుపోతుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదటి గుర్తులు. నిద్రలో ఉన్నవాడికి ఆ గుర్తులు కూడా తెలియవు. నిలిపి ఉన్న బండి, నడుస్తున్న ఇంజన్, మూసిన అద్దాలు, కింద చిల్లి పడిన గొట్టం, పైన నిద్రపోతున్న మనిషి. ఇవన్నీ ఒకచోట చేరితే అది చప్పుడు సమస్య కాదు, ప్రాణం సమస్య.

ముందు లీక్ ఎక్కడో తెలుసుకోండి

మొత్తం సెట్టు మార్చమనే గ్యారేజీలు ఉంటాయి. ఏది పోయిందో తెలియకుండా ఒప్పుకోవద్దు. ఇంజన్ దగ్గర నుంచి వరసగా మానిఫోల్డ్, ముందు పైపు, కేటలిటిక్ కన్వర్టర్, చిన్న డబ్బా అంటే రెసోనేటర్, పెద్ద డబ్బా అంటే సైలెన్సర్, చివర తోక పైపు ఉంటాయి. మధ్యలో ఫ్లాంజ్‌లు, గ్యాస్కెట్లు, వేలాడదీసే రబ్బర్లు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. జాయింట్ల దగ్గర నల్లటి మసి చార ఉంటే అక్కడ పొగ తప్పించుకుంటోంది. ఉదయం స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని, వేడెక్కాక ఆగిపోతే మానిఫోల్డ్ గ్యాస్కెట్ గానీ పగులు గానీ అనుమానించాలి. ఇంజన్ ఆపి ఉండగా తోక పైపులోంచి మెల్లగా గాలి కొట్టించి జాయింట్లకు సబ్బు నీళ్లు రాస్తే, లీకున్న చోట బుడగలు వస్తాయి. గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్‌కి మనం ఇంట్లో చేసే పరీక్షే ఇది.

మా బండికి మూడు చోట్ల తేలింది. ముందు పైపులో వంగే జాలీ భాగం చిరిగింది. దాని వెనక ఫ్లాంజ్ గ్యాస్కెట్ కాలిపోయింది. సైలెన్సర్ డబ్బా అడుగు తుప్పుతో జల్లెడైంది. మొదటి రెండూ సరిగ్గా క్యాబిన్ కిందే.

తుప్పు లోపలి నుంచీ వస్తుంది

సముద్రపు గాలిలో ఉప్పు వల్ల బయట తుప్పు పడుతుందని అందరికీ తెలుసు. సీబ్ నుంచి సొహార్ దాకా తీరం వెంట తిరిగే బండ్లకు అది తప్పదు. లోపలి సంగతి వేరు. లీటరు పెట్రోలు పూర్తిగా మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా బయటికొస్తుంది. దూరం వెళ్లే బండిలో గొట్టం బాగా వేడెక్కి ఆ ఆవిరి బయటికి పోతుంది. రెండేసి కిలోమీటర్లు తిరిగి ఆగే బండిలో అది చల్లబడి సైలెన్సర్ అడుగున నిలుస్తుంది. పొగలోని ఆమ్ల వాయువులు అందులో కరుగుతాయి. చివరి డబ్బా ముందుగా పోవడానికి కారణం ఇదే. పైకి కొత్తగా కనిపించే పాత డబ్బాని రబ్బరు సుత్తితో తట్టి చూడండి. లోపల గలగలమంటే తుప్పు రాలుతున్నట్టే.

ఏ లోహం?

మార్కెట్‌లో నాలుగు రకాలు దొరుకుతాయి. మామూలు ఇనుప గొట్టం చవక, త్వరగా పోతుంది. అల్యూమినియం పూత వేసిన స్టీల్ మధ్యరకం, ఇంటి బడ్జెట్‌కి సరిపోతుంది. 409 స్టెయిన్‌లెస్‌లో క్రోమియం దాదాపు 11 శాతం. చాలా కంపెనీ బండ్లకు ఇదే రకం వాడతారు. 304 అంటే మన వంటింటి మంచి స్టీలు గిన్నెల లోహమే, 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. ఖరీదు ఎక్కువ, మన్నిక కూడా ఎక్కువే.

షాపులో "స్టెయిన్‌లెస్" అనగానే నమ్మక్కర్లేదు. ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి పట్టుకెళ్లండి. 304కి అది గట్టిగా అతుక్కోదు. 409కి, మామూలు ఇనుముకి రెండింటికీ అతుక్కుంటుంది. కాబట్టి 304 అని చెప్పి అమ్మేదాన్ని ఇలా పట్టుకోవచ్చు గానీ, 409 సంగతి దీనితో తేలదు. గాల్వనైజ్డ్ నీళ్ల పైపు ముక్కతో అతికిస్తామంటే మాత్రం వద్దనండి. వెల్డింగ్ వేడికి జింక్ పొగ వస్తుంది, అది పీల్చినవాళ్లకు జ్వరం తెప్పిస్తుంది.

కొత్తదా, కాపీనా, పాతదా?

మస్కట్‌లో వాదీ కబీర్ సనయ్యాలో అన్నీ దొరుకుతాయి. ఏది ఎక్కడ కొనాలన్నదానికి నేను పెట్టుకున్న సూత్రం ఒక్కటే. క్యాబిన్ కింద ఉండే భాగంలో పొదుపు వద్దు, క్యాబిన్ దాటాక పొదుపు చేసుకోవచ్చు.

దాని ప్రకారమే ముందు పైపు, గ్యాస్కెట్లు ఒరిజినల్ తీసుకున్నాం. సైలెన్సర్ డబ్బా అల్యూమినియం పూత ఉన్న కాపీ పార్టు. తోక పైపు అక్కడే కొలత తీసుకుని వంచి ఇచ్చారు. స్క్రాప్‌లోంచి తెచ్చిన సైలెన్సర్ చవకే గానీ దాని తుప్పు వయసు కూడా మన బండి వయసే. పోత ఇనుము మానిఫోల్డ్ అయితే పాతది తీసుకోవచ్చు. పగుళ్లు లేవా, ఫ్లాంజ్ సమంగా ఉందా చూసుకుంటే చాలు.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు బండి పేరు, సంవత్సరం చెబితే సరిపోదు. సింగిల్ క్యాబిన్‌కి, డబుల్ క్యాబిన్‌కి పైపు పొడవు వేరు. టూ వీల్, ఫోర్ వీల్ బండ్లకు వంపులు వేరు. ఇంజన్ సైజుని బట్టి లావు మారుతుంది. ముల్కియా మీదున్న ఛాసిస్ నంబరు చూపించి పార్ట్ నంబరు తీయించండి. జీసీసీ బండా, బయటి నుంచి దిగుమతి చేసినదా అన్నది కూడా చెప్పండి. పాత పైపుని పక్కన పెట్టి కొలవకుండా డబ్బులివ్వకండి.

కన్వర్టర్ దగ్గర జాగ్రత్త

ఒక గ్యారేజీలో మావారితో "భాయ్, కన్వర్టర్ తీసేసి సాదా పైపు వేస్తా, కూలీ వద్దు" అన్నారు. కూలీ ఎందుకు వద్దో ఆలోచించాలి. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. పాతదైనా తుక్కు ధర బాగా పలుకుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేది కూడా అదే. తీసేస్తే ఆ విషమంతా అలాగే బయటికొస్తుంది, డాష్‌బోర్డులో ఇంజన్ లైటు కూడా వెలగొచ్చు.

నిజంగానే అది మూసుకుపోతే బండి ఎత్తు ఎక్కలేదు, యాక్సిలరేటర్ తొక్కినా లాగదు. అప్పుడు మార్చాల్సిందే. కానీ అది ఎందుకు పోయిందో ముందు తెలియాలి. ప్లగ్ సరిగ్గా మండకపోయినా, ఇంజన్ ఆయిల్ తాగుతున్నా కొత్త కన్వర్టర్ కూడా పాడవుతుంది. మాది బాగానే ఉంది, ముట్టుకోలేదు.

బిగించేటప్పుడు

పాత బోల్టులు తిప్పితే విరుగుతాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టించండి. గ్యాస్కెట్లు, నట్లు, రబ్బర్లు కొత్తవే వేయించండి. పాత గ్యాస్కెట్ తిప్పి వేస్తే మళ్లీ అక్కడే లీకు. వెల్డింగ్ చేసిన చోట పూత కాలిపోతుంది కాబట్టి వేడి తట్టుకునే పెయింట్ వేయించాలి.

తోక పైపు పొట్టిగా కోసి క్యాబిన్ కిందే వదిలేయనివ్వకండి. పికప్ పరిగెడుతున్నప్పుడు క్యాబిన్ వెనక గాలి ఒత్తిడి తగ్గి పొగని లోపలికి లాగుతుంది. వెనక అద్దం తెరిచి ఉంటే ఇంకా ఎక్కువ. పైపు చివర బండి శరీరం దాటి బయటికి రావాలి. మాది వెనక చక్రం దాటించాం.

అర్బాబ్ మొదట ఒరిజినల్ ముందు పైపు ధర విని వద్దన్నాడు. మావారు ఆ చిరిగిన జాలీ తీసుకెళ్లి చూపించి, అది ఎవరి సీటు కింద ఉందో చెప్పారు. తన రెండో బండి కూడా చూడమని డబ్బులిచ్చాడు. 5 శాతం వ్యాట్‌తో కలిపి బిల్లు, పార్ట్ నంబరు రాయించుకోండి. మాట పోయినా కాగితం ఉంటుంది.

జగిత్యాల తమ్ముడికి ఆ తలనొప్పి మళ్లీ రాలేదు. అది గ్యాస్ వల్లేనని నేను రుజువు చేయలేను, ఎండ కూడా కొంత కారణం కావచ్చు. అయినా ఇప్పుడు అతను మధ్యాహ్నం నీడలో, బండి బయట పడుకుంటున్నాడు. గొట్టాలు కొత్తవైనా ఇంజన్ నడుస్తున్న బండిలో నిద్ర మంచిది కాదు.

మీ ఇంట్లో, మీ గదిలో పాత పికప్ నడిపేవాళ్లుంటే ఒక్క ప్రశ్న అడగండి. బండిలో తల బరువెక్కి, దిగాక తేలికవుతోందా? అవునంటే అద్దాలు దించి ఇంజన్ ఆపి బయటికి రమ్మనండి. స్పృహ తప్పినట్టుంటే 9999కి ఫోన్ చేయండి. సైలెన్సర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.