పశువుల పొట్టలో అయస్కాంత రక్షణ
పశువులు మేతను బాగా నమలకుండానే మింగుతాయి. గడ్డితోపాటు లోనికి పోయిన మేకులు, తీగముక్కలు బరువు వలన తేనెపట్టును పోలిన రెండవ పొట్టలో నిలిచిపోతాయి. అది ముడుచుకున్నప్పుడు మొనదేలిన ఇనుము గోడను చీల్చి, సమీపంలోని గుండెపొరను గుచ్చి ప్రాణాపాయం కలిగించవచ్చు.

నివారణకు వేలెడు పొడవున్న, నున్నని శాశ్వత అయస్కాంతాన్ని పశువైద్యులు మింగిస్తారు. అదీ ఈ పొట్టలోనే నిలుస్తుంది. దాని అయస్కాంత క్షేత్రంలో ఇనుపముక్క తాత్కాలిక అయస్కాంతమై దానికి అంటుకుంటుంది. అందువలన గోడకు గుచ్చుకునే అవకాశం తగ్గుతుంది.

క్షేత్రబలం దూరంతోపాటు వేగంగా క్షీణిస్తుంది. కనుక గోడను దాటిపోయిన తీగను ఈ అయస్కాంతం వెనుకకు లాగలేదు. రాగి, అల్యూమినియం ముక్కలు దీనికి అంటవు. ఛాతీ దిగువన దిక్సూచిని ఆనించినప్పుడు ముల్లు చలిస్తే లోపల అయస్కాంతం ఉన్నదని గ్రహించవచ్చు. మేతలో లోహపు ముక్కలు చేరకుండా చూడటమే ప్రథమ రక్షణ.