రాకెట్‌కు లైసెన్సు, ప్రయాణికుడికి సంతకం

ఏమర్రా, మన బండ్ల శిరీష గుర్తుందా? 2021 జూలై 11న రిచర్డ్ బ్రాన్సన్‌తో కలిసి అంతరిక్షపు అంచుదాకా వెళ్ళొచ్చిన తెలుగమ్మాయి. ఆ రోజు మన టీవీల్లో ఆ పిల్లే కదా! కానీ ఆ ప్రయాణానికి ఒక కొసరు కథ ఉంది. అది మనవాళ్ళు అంతగా చెప్పుకోలేదు. వినండి.

వాళ్ళెక్కిన నౌక పేరు యూనిటీ. అది నేల మీంచి నిట్టనిలువుగా లేచేది కాదు. ఒక పెద్ద విమానం దాన్ని తగిలించుకుని సుమారు 14 కిలోమీటర్ల ఎత్తుకు మోసుకెళ్ళి వదిలేసేది. అప్పుడు దాని రాకెట్ అంటుకునేది. ఆ వేళ 86 కిలోమీటర్ల ఎత్తు అందుకుని, తిరిగి గ్లైడర్‌లా న్యూ మెక్సికోలోని రన్‌వే మీద దిగింది. గ్లైడర్‌లా అంటే ఇంజను సాయం లేకుండా గాలిలో జారుతూ రావడమే. ల్యాండింగ్ కుదరకపోతే మళ్ళీ పైకి లేచే వీలుండదు. అందుకే దానికంటూ కొంత గగనతలం కేటాయించి, ఆ సమయంలో మామూలు విమానాలను అటు రానిచ్చేవారు కాదు.

ఆ రోజు దిగేటప్పుడు యూనిటీ ఆ హద్దు దాటింది. ఎంతసేపు? 1 నిమిషం 41 సెకన్లు. పైగాలుల వల్ల అలా జరిగిందనీ, ఎవరికీ ప్రమాదం కలగలేదనీ బ్రాన్సన్ కంపెనీ అంది. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ మాత్రం ఊరుకోలేదు. హద్దు దాటిన సంగతి మాకెందుకు చెప్పలేదని నిలదీసి, దర్యాప్తు తేలేదాకా ఎగరొద్దంది. సెప్టెంబర్ 29న మళ్ళీ అనుమతి ఇచ్చింది. ఇకమీదట ఎక్కువ గగనతలం కేటాయించుకోవాలనీ, నౌక ఎగురుతున్నంతసేపూ సమాచారం కంట్రోలర్లకు అందుతూ ఉండాలనీ ఏర్పాటు జరిగింది.

“ఆ మాత్రానికే ఇంత రాద్ధాంతమా తాతయ్యా?” అంటారేమో. లెక్క వెయ్యండి. గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోయే ప్రయాణికుల విమానం ఆ 101 సెకన్లలో 23 కిలోమీటర్లకు పైగా దాటేస్తుంది. ఆకాశంలో ఆ దూరం తక్కువేం కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత గట్టిగా ఉన్న ఎఫ్‌ఏఏ, నౌకలో కూర్చున్నవాళ్ళ ప్రాణాలకు పూచీ పడిందా? పడలేదు! 2004లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ఆ సంస్థ చేతులు కట్టేసింది. మన ఊళ్ళో రథోత్సవం చూశారుగా. పోలీసులు తాళ్ళు పట్టి జనాన్ని చక్రాలకు దూరంగా ఉంచుతారు, రథమెక్కినవాళ్ళ జాగ్రత్త వాళ్ళదే. అక్కడి పద్ధతీ అదే. కింద ఉన్న జనానికి, ఆస్తులకు ముప్పు లేదని తేలితే లైసెన్సు ఇస్తారు. ఎక్కేవాళ్ళకు మాత్రం ‘ఈ వాహనం సురక్షితమని ప్రభుత్వం ధ్రువీకరించలేదు’ అని రాతపూర్వకంగా చెప్పాలి. ప్రయాణికుడు తెలిసే ఎక్కుతున్నానని సంతకం పెట్టాలి. మామూలు విమానానికైతే డిజైను దగ్గర్నుంచీ పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చాకే టిక్కెట్లు అమ్మనిస్తారు.

ఎందుకీ తేడా? పసి పరిశ్రమ కదా, ముందే నిబంధనలు బిగిస్తే నడక నేర్వదని కంపెనీల వాదన. అందులో న్యాయం లేకపోలేదు. ఎగిరిన అనుభవం లేకుండా రాసిన నిబంధన కాగితానికే పరిమితం. రైట్ సోదరులు 1903లో ఎగిరితే, అమెరికాలో విమానాలకూ పైలట్లకూ లైసెన్సులు పెట్టిన చట్టం 1926లో గానీ రాలేదు. అయితే 2004లో ఎనిమిదేళ్ళకని ఇచ్చిన వెసులుబాటును పొడిగిస్తూ పొడిగిస్తూ 2028 జనవరి 1 దాకా తెచ్చారు. అంటే సుమారు 23 ఏళ్ళు!

ఈలోగా ఒక ప్రాణం పోయింది. 2014 అక్టోబర్ 31న యూనిటీకి ముందటి నౌక పరీక్షలో గాల్లోనే ముక్కలైంది. తిరుగు ప్రయాణంలో వేగం తగ్గించడానికి తోకభాగం పైకి మడుచుకునే ఏర్పాటు అందులో ఉంది. దాని గడియను కో-పైలట్ ధ్వనివేగం అందుకోకముందే, తీయాల్సిన సమయానికి ముందే తీశాడు. గాలి ఒత్తిడికి తోక లేచిపోయింది. దర్యాప్తు సంస్థ ఆ మనిషిని తిట్టి ఊరుకోలేదు. ఒక్క పొరపాటుతో నౌకంతా పోయేలా ఎందుకు కట్టారని తయారీదారును తప్పుపట్టింది. మనుషుల పొరపాట్లపై జరగాల్సిన విశ్లేషణకు మినహాయింపు ఇచ్చినందుకు ఎఫ్‌ఏఏనూ విమర్శించింది.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ తయారుచేసిన విక్రమ్-ఎస్ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి ఎగిరింది. మన దేశంలో ప్రైవేటు రాకెట్ అదే మొదటిది. దానికి అనుమతి ఇచ్చింది ఇన్-స్పేస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ. 1967 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ప్రైవేటు రాకెట్‌కైనా బాధ్యత వహించాల్సింది ఆ దేశ ప్రభుత్వమే. 1978లో సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 అణు రియాక్టర్‌తో సహా కెనడా మీద రాలితే, సోవియట్ ప్రభుత్వం 30 లక్షల కెనడా డాలర్లు చెల్లించుకుంది.

రేపు మన కంపెనీలు మనుషుల్నీ ఎక్కించుకుంటాయి. కిందివాళ్ళకు రక్షణగా నిబంధన, పైవాళ్ళకు ఒక సంతకం అంటే చాలదర్రా. అనుభవం వచ్చినకొద్దీ నిబంధన కూడా ఎదగాలి. మీలో ఎవరైనా రేపు రాకెట్లు కడితే, తనిఖీకి వచ్చిన అధికారిని అడ్డుపుల్ల అనుకోకండి. మీ లెక్కను మరోసారి సరిచూసే తోటి ఇంజనీరు అనుకోండి.